రంగు తిన్న కణాలు

యశవంతపుర ఫ్లైఓవర్ పక్కన, మూడో అంతస్తులో
మా ఇంక్యుబేటర్ ముప్పై ఏడు డిగ్రీల దగ్గర నిలిచి ఉంటుంది,
జ్వరం లేని ఒంటి వేడి.

పళ్ళెంలో ఒక సన్యాసిని రొమ్ము క్యాన్సర్ కణాలు.
సముద్రాల అవతల ఆమె పోయి యాభై ఏళ్ళు దాటింది.
ఇవి మాత్రం కంటూనే ఉన్నాయి.
మంగళవారం, శుక్రవారం నేనే మేత మారుస్తాను.

ఈసారి పస్తు పెట్టమన్నారు పంకజవల్లి మేడం.
సీరాన్ని బొగ్గుతో కడిగి
ఈస్ట్రోజెన్ జాడ లేకుండా చేసి పోశాను.
చెవి లేకుండా తాళం ఎట్లా తెరుచుకుంటుంది అనుకున్నాం.
ఆరో రోజుకి
శివాజీనగర బస్సులో మాదిరి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

ప్లాస్టిక్ మార్చాం. నీళ్ళు మార్చాం. నన్ను కూడా అనుమానించారు.
చివరికి దొరికింది దొంగ:
మేతలోని గులాబి రంగు.
పులిస్తే పసుపుగా మారి చెబుతుందని కలిపేది,
దాన్నెవరూ తిండి అనుకోరు.
కానీ హార్మోను వేషం కాస్త కట్టగలదు.
ఆ కాస్త చాలు.
గ్రాహకం దాన్ని పట్టుకుంటుంది, ఇంకో గ్రాహకంతో జత కడుతుంది,
రెండూ కలిసి డీఎన్ఏ మీద తమ చోటు వెతుక్కుని కూర్చుని
సైక్లిన్‌ని నిద్ర లేపుతాయి.
పాత పుస్తకాల్లో ఉందంట ఇది. మేమే చదవలేదు.

ఆదివారం సాకమ్మ వచ్చింది, కవర్లో రిపోర్టు.
పీణ్య గార్మెంట్స్‌లో కాలర్లు కుడుతుంది, మా పక్క గది.
"హర్ టూ, మూడు ప్లస్సులంట. ఫస్ట్ క్లాసా పాపా?"

ఆమె బొత్తాల డబ్బా తెప్పించి
కంచం అంచున పేర్చి చూపించాను.
ఇవి అందరికీ ఉంటాయక్కా, అక్కడొకటి ఇక్కడొకటి.
నీ గడ్డలో డబ్బా మొత్తం ఒంపేసినట్టుంది.
బయట నుంచి పిలుపు రాకపోయినా
మోచేతులు తగిలి జతలైపోతాయి.
ఫాస్ఫేటు ముక్క చేతులు మారుతుంది,
మీ లైన్లో బండిల్ పోయినట్టే.
చివరివాడు కేంద్రకంలోకి దూరి
ఇంకా, ఇంకా అంటాడు.

"సూపర్వైజర్ చెప్పకుండానే టార్గెట్ పెంచుకుంటారా!
మా లైన్లో అట్లాంటి పిచ్చోళ్ళు ఒక్కరూ లేరే."
నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

మరి మందు?
జత కట్టబోయే ఇద్దరి మధ్యకి పోయి కూర్చుంటుంది.
"బస్సులో ముసలామె మాదిరి," అంది,
ఇప్పుడు మాత్రం పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని.

బొత్తాలు ఒక్కొక్కటే డబ్బాలోకి ఏరుతోంది.
అంచున మిగిలినదాన్ని నేను తీయబోతే
చెయ్యి పట్టుకుంది.
"అది ఉండనీ.
అందరికీ ఉంటుందన్నావు కదా."