వెంట్రుకవాసి పైకి

ప్రౌడ్ అనే మాట నేను రెండుసార్లు నేర్చుకున్నాను.

మొదట చర్చిలో, నాయనమ్మ తడి ఊలుకోటు వాసన పక్కన.
ఏడు పాపాల్లో అదే పెద్దదన్నాడు పాదిరి.
కొత్త బూట్లు చూసుకుని మురుస్తున్నదాన్ని
కాళ్ళు మెల్లగా బల్ల కిందికి లాక్కున్నాను.

రెండోసారి విల్ఫ్ హెస్లెడెన్ వడ్రంగి కొట్లో.
నార్తంబర్లాండ్ తీరం, రేకుల కప్పు,
తలుపు తీస్తే ఉప్పుగాలి, మూస్తే రంపపు పొట్టు.
నాకు పదహారు. చేతిలో చీపురు.
"ఆ మేకు ప్రౌడ్‌గా ఉంది చూడు" అన్నాడు.
నవ్వొచ్చింది నాకు.
మేకుకు గర్వమేమిటి, ఎవర్ని చూసుకుని?
ఆయన నవ్వలేదు.
నా చూపుడువేలు పట్టుకుని పలక మీద నడిపించాడు.
నున్నగా, నున్నగా, ఇంకా నున్నగా,
చురుక్కుమంది.
"అదీ."

అంతే దాని అర్థం. మట్టానికి వెంట్రుకవాసి పైకి.
తిట్టు కాదు, మెప్పూ కాదు, కొలత.
మట్టానికి లోపలుంటే దాన్ని షై అనేవాడు.
కొయ్యకు సిగ్గు కూడా ఉందన్నమాట!
నేను పొట్టిగా కోసిన ప్రతి ముక్కనీ
వెలుతురుకెత్తి, "పాపం, సిగ్గుపడుతోంది" అనేవాడు.
"గర్వమైతే చిత్రిక పట్టొచ్చు పిల్లా.
సిగ్గుకేం చేస్తాం? పొయ్యిలో పెట్టు."
ఆ చలికాలం నా సిగ్గుతోనే కొట్టు వెచ్చగా ఉండింది.

సింహాల మందను ప్రైడ్ అంటారని
తమ్ముడు బడి నుంచి మోసుకొచ్చాడు ఒక సాయంత్రం.
రోజంతా పడుకుంటాయట అవి.
దానికా ఇంత పేరు, అంది అమ్మ, ఆలుగడ్డలు చెక్కుతూ.

ఆ మేలోనే ఐనా రట్టర్ వాళ్ళ ఆడగుర్రం
ముళ్ళకంచెలో కాలు చీరుకుంది.
గాయం మానింది, మానీ ఆగలేదు.
ఎర్రగా, బుడిపెలు బుడిపెలుగా పొంగుకొచ్చింది.
ప్రౌడ్ ఫ్లెష్, అన్నాడు పశువుల డాక్టరు.
పూడ్చాల్సిన గుంట పూడ్చేసి
ఇక చాలని తెలియని కండ.
కోస్తుంటే గుర్రం కదల్లేదు.
దానికి నొప్పి తెలియదట.
నెత్తురు మాత్రం బకెట్టు పట్టుకున్న నా మోచేతి దాకా.

ఇక మనుషుల సంగతి.
నిన్ను చూస్తే ప్రౌడ్‌గా ఉందని
మా వైపు ఎవరూ ఎవరితోనూ అనరు.
"మరీ అంత చెడ్డగా లేదు",
మా మెచ్చుకోలు నిచ్చెనకు అదే చిట్టచివరి మెట్టు.
మా నాన్న ఆ మెట్టు కూడా ఎక్కకుండానే పోయాడు.

పద్దెనిమిదో ఏట
ఒక గడ్డివాముల కొట్టానికి కప్పు కట్టాం, పచ్చి ఓక్‌తో.
దూలాల్లో చీలలన్నీ నేనే చెక్కాను, నేనే దిగ్గొట్టాను.
ఒక్కొక్కటి బొటనవేలంత బయటికి.
రంపం తీసుకుని నిచ్చెనెక్కాను, మట్టంగా కోసేద్దామని.
కింద నుంచి విల్ఫ్ అరిచాడు.
"ఉంచు వాటిని. ప్రౌడ్‌గానే ఉండనీ."
ఎందుకని అడిగాను.
"ఓక్ ఎండుతుంది. బిగువు సడలుతుంది.
అప్పుడు కొట్టడానికి ఏదో ఒకటి మిగలాలిగా."
టీ ఫ్లాస్కు మూత తిప్పుతూ
ఇంకో మాట కూడా అన్నాడు, గాలికి సరిగ్గా వినబడలేదు.
"చెడ్డగా లేదు" అని ఉండొచ్చు.
మళ్ళీ అడగడానికి నాకు...
సిగ్గనిపించింది.

మొన్న అక్టోబరులో ఆ కొట్టానికి పోయాను, పదకొండేళ్ళకి.
విల్ఫ్ లేడు. కొట్టు ఎవరో సైకిళ్ళకి అద్దెకిచ్చారు.
సాలెగూళ్ళు చేత్తో తుడిచి
కొయ్యసుత్తితో ఒక్కో చీలకు ఒక్కో దెబ్బ.
మొదట డొల్లగా పలికాయి, తర్వాత గట్టిగా.
దిగొచ్చే ముందు వేలితో తడిమాను.
ఇంకా ఉంది.
బొటనవేలంత కాదు, గోరంత.
ఇంకో దెబ్బకు సరిపోతుంది.