ఎడమ చివరి కుర్చీ

ఆదోనిలో, మార్కెట్ యార్డు వెనక మా ఆఫీసు.
కిటికీ తెరిస్తే చాలు
దూది ఎగిరొచ్చి ఫైళ్ళ మీద వాలుతుంది.
ఆ దూది కింద
ఒక్క పిల్ల ఐదు చోట్ల ఉంది.

పోలీసు కాగితంలో: ఉరుకుందు, మగ, పన్నెండేళ్ళు,
జిన్నింగు మిల్లులో దొరికినది.
"ఉరుకుందమ్మ సార్" అంటే
"ఏదో ఒకటి లే మేడం" అన్నాడు హెడ్డు మాబుసాబ్.
ఆసుపత్రి చీటీలో: రక్తం ఎనిమిది, బలం మాత్రలు.
బడి రిజిస్టర్లో: సుగ్గికి పోయింది.
ఆ తర్వాత నలభై ఒక్క ఎర్ర సున్నాలు.
వకీలు రంగముని గారి నోట్సులో
ఒక సెక్షను, దాని పక్కన ప్రశ్నార్థకం.
నా ఫైల్లో, నా గుండ్రటి చేతిరాతలో:
మాట్లాడదు. మొండి.

బుధవారం మీటింగంటే
ఎవరి కాగితం వాళ్ళు చదివి
ఎవరి సంతకం వాళ్ళు పెట్టి
ఎవరి బండి వాళ్ళు ఎక్కడం.

ఆ బుధవారం మబ్బు పట్టి కరెంటు పోయింది.
అక్షరం కనబడక, ఊరికే కూర్చోలేక
ఉగ్గాని తెప్పించుకున్నాం, మిరపకాయ బజ్జీతో.

తింటూ తింటూ మాబుసాబ్ విసుక్కున్నాడు:
"ఎనక నుంచి ఎంత పిల్చినా తిరిగి సూడదు.
ఎంత పొగరు ఆ పాపకి!"
హులిగెమ్మ టీచరు నవ్వింది:
"క్లాసులోనూ అంతే. ఎప్పుడూ ఎడమ చివర, గోడకానుకునే.
ఎన్నిసార్లు లేపినా మళ్ళా ఆడికే."

డాక్టర్ ఫిరోజా చెయ్యి ప్లేటు మీదే ఆగింది.
"ఎడమ చివరేనా?"
ఇంకేమీ అడగలేదు.
వేళ్ళకంటిన పుట్నాల పొడి తుడుచుకోకుండానే లేచింది.

చీము. ఎన్నేళ్ళుగా కారుతోందో.
కారకుండా తనే కుక్కుకున్న దూది
లోపల పసుపు తిరిగి, గట్టిపడి.

ఐదు ఫైళ్ళలోనూ
చెవి అన్న మాట లేదు.

నేను 'మొండి'ని కొట్టేశాను.
గీత కింద ఇంకా కనబడుతూనే ఉంది.

తర్వాత అంతా చక్కబడిందని రాయను.
మరుసటి బుధవారం వకీలు గారు రాలేదు.
గుంటూరు మిరపచేలల్లో ఎక్కడో
వాళ్ళమ్మ ఫోను స్విచ్ఛాఫ్.
మాబుసాబ్ మాత్రం 'మగ' దిద్దుకొచ్చాడు.
ఇప్పుడు చుట్టూ తిరిగి
ఎదురుగా వచ్చి పిలుస్తాడు, టోపీ తీసి.

మొన్న మీటింగు గదిలోకి ఆ పిల్ల వచ్చింది.
మా మొహాల్ని కాదు, కుర్చీల్ని చూసింది.
ఒకదాన్ని బరబరా ఈడ్చుకుపోయి
ఎడమ చివరన వేసుకుని కూర్చుంది.

"ఇంగ చెప్పండి" అంది.