వాలుగ దవడ

చిలకపాలెం దగ్గర లారీ గుద్దేసిన ముసలి ఆడకోతి
ఐసు పెట్టెలో మా కాలేజీకి వచ్చింది.
డాక్టర్ తవిటయ్య మోకాలు విప్పాడు.
ముంజెలా నున్నగా ఉండాల్సిన మృదులాస్థి
పెచ్చులూడిన గచ్చు.
"ఇదేం మూటలు మోసిందని ఇలా అరిగింది?"
అడిగింది నన్ను కాదు, ఎముకని.

నా పని చిన్నది.
ఎముక గోరంత, మృదులాస్థి మెంతిగింజంత గీరి
వేరువేరు గొట్టాల్లో వేసి మైనస్ ఎనభైలో దాచడం,
కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరిగెత్తడం.

రెండు గొట్టాల్లోనూ ఒకటే డీఎన్ఏ.
తల్లి కడుపున పడ్డనాటి అక్షరాలే.
కాకపోతే కొన్ని అక్షరాల నెత్తిన
ఇంతేసి మిథైల్ చుక్క,
చాలాసార్లు, ఇది చదవకు అన్నట్టు.
ఎముక దాటేసే చోటు వేరు, మృదులాస్థి దాటేసే చోటు వేరు.
అరిగిన మోకాల్లో ఆ చుక్కలు
కొన్ని రాలిపోతాయేమో, కొన్ని కొత్తగా పడతాయేమో.
అరుగుదల వల్ల చుక్కలా, చుక్కల వల్ల అరుగుదలా?
ఒక్క కోతి సాక్ష్యం చాలదు.

పొందూరులో బస్సు దిగేసరికి
అసిరమ్మత్త ఇంకా మఠం వేసుకునే ఉంది,
వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతూ.
ఆ సన్నపళ్ళు నలకని పట్టుకుంటాయి,
దూదిని పోనిస్తాయి.
నలభై ఆరేళ్ళుగా ఇదే కూర్చోడం.
లేస్తే మోకాళ్ళలో ఎండుకంప తొక్కిన చప్పుడు.

"కోతికి మోకాళ్ళ నొప్పులేటే గుంటా!
దానికి రాట్నం ఎవులిచ్చినారు?"
నవ్వి, లేవబోయి, మళ్ళీ కూలబడింది.

చుక్కల సంగతి చెప్పాను.
చాలాసేపు దువ్వుతూనే ఉంది.
"ఒకే పత్తి. ఒకలి సేతిలో నూరో నెంబరు నూలు,
ఇంకొకలి సేతిలో దీపంవొత్తి. అలగేనా?"
అలాగే, అన్నాను. పూర్తిగా అలాగే కాదు.
"మరా సుక్కలు సెరిపీలేరా?"
దీనికి నా దగ్గర గొట్టం లేదు.

దవడకి అంటుకున్న దూది ఊది,
పాత గుడ్డలో చుట్టింది.
"ఈ సేప సచ్చి ఎన్నేళ్ళయిందో,
పళ్ళు మాత్రం అరగనేదు సూడు."
కాసేపాగి అడిగింది:
"ఆ కోతికి పేరెట్టినారా?"
నెంబరు పదమూడు, ఎడమ మోకాలు.
"ఎడందేనా?" అంది,
తన ఎడమ కాలు
రెండు చేతులతో పట్టుకుని
మెల్లిగా చాపుకుంటూ.