నీటిగుర్తు

గుండీలు నావి.
మిల్లు యజమానితో కుదిరిన మాట అది:
పేలికలు ఆయనవి, కోసి తీసిన గుండీలు
అపొలోనియావి.
కొమ్మువి, ఎముకవి, ఒకసారి ఒక తగరపుది.
డబ్బా నిండితే ఇంట్లోకి ఉప్పు.

ఆ వేసవి విస్సహికన్ వాగు సన్నబడింది.
చక్రం దగ్గుతూ తిరిగింది.
ఆడవాళ్లారా, చిరిగిన గుడ్డ పారేయకండి,
దేశానికి కాగితం కావాలని
పత్రికలో బతిమాలుకున్నారట.
బండ్లకొద్దీ వచ్చాయి.
దిండు గలేబులు, పసిపిల్లల పొత్తిగుడ్డలు,
అతుకు మీద అతుకు పడ్డ చొక్కాలు,
ఒకదానికి ఛాతీ దగ్గర గోధుమరంగు మరక.
ఎవరిదని అడగను.
అడిగితే కత్తెర ఆగిపోతుంది.

నానబెట్టిన గుడ్డని రోకళ్ల కిందికి తోసేవాడు మింగో.
యజమాని బావమరిది పొలం నుంచి అద్దెకి వచ్చిన మనిషి.
అద్దె అతని చేతికి రాదు.
గుంజులో వేలు ముంచి చెప్పేవాడు:
"ఇంకో గంట.
ఇది ఇంకా తను చొక్కాననే అనుకుంటోంది."

జులైలో కోర్టు మెట్ల మీద ఎవరో గట్టిగా చదివారు.
ఉప్పు కోసం వెళ్లినదాన్ని నిలబడి విన్నాను,
నాకు వచ్చిన సగం ఇంగ్లీషుతో.
వేరే రుజువు అక్కర్లేని నిజాలట కొన్ని.
అక్కర్లేకపోతే ఇంత కాగితం దేనికని నవ్వొచ్చింది.
పక్కనున్నామె ఏడుస్తోంటే ఆపుకున్నాను.

ఆ కాగితమే ఒకటి మిల్లు తలుపుకి కొట్టారు.
మింగో దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.
చదువు వచ్చో రాదో నాకు తెలీదు.
వేలితో మాత్రం తడిమాడు,
గుంజు చూసినట్టే.

ఆగస్టులో ఒక పొద్దున రోకళ్లు మోగలేదు.

పదిరోజులకి దాని పక్కనే ఇంకో కాగితం.
మేస్త్రీ చదివాడు:
పొడగరి, ఎడమ చెంప మీద గాటు,
ముతక చొక్కా, మెడ దగ్గర గుండీ తగరపుది.
పట్టిచ్చినవాళ్లకి మూడు పౌన్లు.
అందరూ నా వంక చూశారు.
డబ్బా బల్ల మీద బోర్లించి
లెక్కపెట్టుకోండన్నాను.
ఎన్ని ఉండాలో ఎవడికి తెలుసు?

రాత్రి రెండూ ఊడదీసి దీపానికి అడ్డంగా పట్టాను.
అదే పావురం నీటిగుర్తు,
ఇందులోనూ అందులోనూ.
ఒకే తొట్టి. నేను కత్తిరించిన గుడ్డే.
ఆ గోధుమరంగు మరక ఎందులోకి వెళ్లిందో
ఎంత వెతికినా కనపడలేదు.

మొదటిదాన్ని అదే మేకుకి తగిలించాను.
రెండోదాన్ని ముక్కలు చేసి
రోకళ్ల కింద వేసి
నీళ్లు వదిలాను.
సిరా లేచి నీరు బూడిదరంగుకి తిరిగింది.
వేలు ముంచి చూశాను.

ఇంకో గంట.