రాళ్ళు లేని చోట

ఎర్రనీరు దిగిన మూడోనాడు
పొగాకులంక రేవు కింద,
కొట్టుకొచ్చిన గుర్రపుడెక్కలో ఇరుక్కుని
నారింజరంగు పడవ.
పడవంటే మన పడవ కాదు,
ఒక్క మనిషి నడుం దాకా దూరే తొర్ర, అంతే.
ధవళేశ్వరం గేట్లు దాటి ఎలా వచ్చిందో!
పామేదైనా ఉందేమోనని
తాతబ్బాయి గడకర్రతో పొడిచి చూశాడు.
లోపల చెంబెడు నీళ్ళు,
ఒక కాలి చెప్పు.

ఆ ఒంటిచెప్పు చూసి రేవంతా మాట ఆగిపోయింది.
టిక్కెట్ల డబ్బా మీద చెయ్యి ఆనించి నేను
ఎవరు కన్న బిడ్డో, అనుకున్నాను.

బోర్లిస్తే పొట్ట నిండా గీతలు.
వేలు దిగేవి కొన్ని, వెంట్రుకంత కొన్ని.
మా దగ్గర ఏటికి గోళ్ళుండవు.
ఇక్కడ రాయి పుట్టదు.
మామిడికాయ కొట్టాలని మా పిల్లలకి గులకరాయి కావాలంటే
రైలుకట్ట దాకా పోవాలి.
పచ్చడి నూరే రోలు మా అత్త
రాజమండ్రి నుంచి ఒళ్ళో పెట్టుకు తెచ్చుకుంది.
కొండలు మాకు పిండయ్యాకే అందుతాయి:
కాలివేళ్ళ మధ్య ఒండ్రు,
బిందె అడుగున మడ్డి.
అందుకని ఆ పొట్ట మీద వేలు పెట్టి
కళ్ళు లేనివాళ్ళు చదువుకున్నట్టు చదివాను.
ఇక్కడ గుద్దుకుంది.
ఇక్కడ ఒరుసుకుపోయింది.
ఇక్కడ, ఇదిగో, తిరగబడింది.

ఆదివారం వచ్చింది ఆ పిల్ల.
పేరు కెచ్చెల రత్నం, ఊరు కొండల్లో ఎక్కడో,
మూడు బస్సులు మారి, పంటు ఎక్కి.
ఎడమ మోచేతికి కట్టు,
కాళ్ళకి కొత్త చెప్పులు.
పడవని చూసి నవ్వలేదు, ఏడవలేదు,
దూడని నిమిరినట్టు నిమిరింది.
"బతికే ఉన్నావా" అన్నాడు తాతబ్బాయి,
చిల్లర ఉందా అని అడిగినట్టు.

పులుసన్నం కలుపుకుంటూ చెప్పింది:
రెండు కొండలు మొహాలు ఆనించుకున్న చోట
వాగు ఒళ్ళు పిండుకుని దూరుతుందట.
ఎంత ఎర్రనీరైనా అక్కడ తెల్లగా లేస్తుందట.
రాయి ఎక్కడుందో నురగ చెబుతుంది,
దారి ఎటుందో నీళ్ళే నాలుక చాపి చూపిస్తాయి.
మూడో దూకుడు దగ్గర ఆ నాలుక అబద్ధమాడింది.
తలకిందులుగా పదకొండు లెక్కపెట్టి
కాళ్ళు ఊడబెరుక్కుని బయటపడింది.
"చెవులు పగిలే చప్పుడు పిన్నీ.
అయినా మా వాగు చెప్పి కొడుతుంది."

తాతబ్బాయి చెయ్యి కడుక్కుంటూ అటు చూపించాడు.
అటేమీ లేదు. బురదనీళ్ళు,
తప్పేళాలో చల్లారిన గంజిలా.
"అక్కడ మా ముప్పై సెంట్ల వంగతోట.
బోరింగు. మా అమ్మని కాల్చిన చోటు.
పోయినేడు భాద్రపదంలో, ఒక్క రాత్రి.
కుక్క కూడా మొరగలేదు."

ముద్ద చేతిలోనే ఉంచుకుని
ఆ పిల్ల చాలాసేపు అటే చూసింది.
అప్పుడు కనిపించింది దాని కళ్ళల్లో భయం,
తెల్లనీళ్ళ సంగతి చెప్పినప్పుడు లేనిది.

పొద్దువాలాక పడవని పంటుకి కట్టబోతే
"నువ్వెక్కు పిన్నీ" అంది.
ఇరవై రెండేళ్ళుగా టిక్కెట్లు చింపుతున్నాను,
నీళ్ళ ఎత్తున ఎప్పుడూ కూర్చోలేదు.
కుచ్చిళ్ళు ఎగదోపుకుని
ఆ తొర్రలోకి జరిగాను, గింజ కాయలోకి జరిగినట్టు.
మోకాలిలోతు నీళ్ళలో నిలబడి
ఆ పిల్ల మంచి చేత్తో పట్టుకుంది.
"మాట్లాడకు, విను."

మొదట నా గుండె.
తర్వాత, పిరుదుల కింద, పలచని ప్లాస్టిక్ అవతల,
సన్నగా ఒక చెరుగుడు.
చేటలో నూకల్లాంటి చప్పుడు, ఆగకుండా.
ఒండ్రు పడవని రాసుకుపోతోంది.
కొండలు ఇంకా నలుగుతూనే ఉన్నాయి.
ఏరు చెబుతూనే ఉంది,
మనమే ఎత్తున కూర్చున్నాం.

గట్టు మీంచి తాతబ్బాయి కేకేస్తున్నాడు,
ఆఖరి పంటుకి జనం నిలబడ్డారని,
డబ్బా తాళం ఎక్కడని.
చెయ్యెత్తి
ఆగమన్నాను.