ఐదో ప్రశ్న

ఆగస్టు చివరికొస్తే మా ఊళ్ళో
ముందు పలకరించేది మనిషో, తుమ్మో చెప్పలేం.
తిసా నది గట్టు పొడుగునా బీడుగడ్డి పూసింది.
చూసి పూసిందని ఎవరూ అనరు,
ఆకు రంగే పువ్వు రంగు.
నింద మాత్రం పొద్దుతిరుగుడు చేలకి,
దాని పక్కన నిలబడ్డ పాపానికి.

మా హంగేరియన్‌లో ఒక చిక్కుంది.
తుమ్మినవాడికీ, గ్లాసెత్తినవాడికీ
ఒకటే మాట: "ఆరోగ్యం!"
ముప్ఫయ్యేళ్ళుగా మందుల షాపులో నిలబడి
ఆ మాటని ఒక్కో చెవితో ఒక్కోలా వింటున్నాను.

బుధవారం, షట్టర్ సగం దించాక
వంగి లోపలికొచ్చాడు వెండెల్.
పంటు నడుపుతాడు, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి
ట్రాక్టర్లు, సైకిళ్ళు, ఒక్కోసారి పెళ్ళివాళ్ళు.
ముక్కుసూటి మనిషి. ఇప్పుడా ముక్కే మూతపడింది.
"ఎతెల్కా, మూడు రాత్రులైంది కన్ను మూసి.
గుండె నా పంటు ఇంజనులా కొట్టుకుంటోంది."

నేను భోజనానికెళ్ళినప్పుడు కుర్రాడు ఝోంబోర్ అమ్మాడట.
అడగాల్సినవి నాలుగు ప్రశ్నలు.
వాడడిగింది ఒకటే: కార్డా, నోట్లా?

డబ్బా తిప్పి చూశాను.
ఇందులో ఒకే మాత్రలో ఇద్దరుంటారు వెండెల్.
ఒకడు తుమ్ముని, దురదని జోకొడతాడు.
ఆ జోల కొంత నీకూ తగలొచ్చు, చుక్కాని దగ్గర.
రెండోవాడు మూసిన ముక్కు తలుపు తోస్తాడు.
కానీ అక్కడితో ఆగడు,
దారిలో ఉన్న నరాలన్నీ బిగించుకుంటూ పోతాడు.

"రోజుకొకటేగా వేసుకున్నావు?"
"ఒకటే. కత్తితో రెండు చేసి, పొద్దున సగం, రాత్రి సగం."
పుచ్చకాయలు కోసే ఆ కత్తిని
బల్ల మీద పెట్టాడు, సాక్షిని ప్రవేశపెట్టినట్టు.
రోజంతా బొట్టుబొట్టుగా దిగాల్సిన మందు,
కోస్తే గట్టు తెగినట్టే.
వరదలు చూసినవాడు, అది వేరే చెప్పనక్కర్లేదు.

"ఇంకేమైనా?"
"నిమ్మ వాసన పొడి, వేడినీళ్ళలో.
అది జలుబుది, ఇది ఎలర్జీది. వేరు కదా."
వేరు కాదు.
పొడిలోనూ ఆ రెండోవాడే, చొక్కా మార్చుకుని.
"ఇంకా?"
"నిద్ర కోసం రెండు గుక్కలు, ప్లమ్ సారా.
ఆరోగ్యానికే."

పట్టీ చుట్టి గాలి కొట్టాను.
నూట డెబ్భై ఎనిమిది.
ఏడేళ్ళుగా బీపీ మాత్రలిస్తున్నాను ఇతనికి,
ఆ చీటీ మీద అక్షరాలు నావే.
ఒంటేలు కూడా సరిగా రావడం లేదని
చివర్న, నేల వంక చూస్తూ చెప్పాడు.

డాక్టరమ్మ ఫోనెత్తింది, వెంటనే తీసుకురమ్మంది.
ఆ రాత్రి పంటు కదల్లేదు.
అవతలి గట్టున ట్రాక్టర్ల దీపాలు
వరసగా వెలిగి, వరసగా విసుక్కుని, ఆరిపోయాయి.
డబ్బా నా కోటు జేబులోనే ఉంది.
వాణ్ణి తిట్టాను. తిట్టింది వాణ్ణేనా అని
ఇంటికెళ్ళాక అనుమానం వచ్చింది.

ఇప్పుడు ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కుంటున్నాడు,
ఒక స్ప్రే, మగత తేని మాత్ర ఒకటి,
రెండోవాడు లేకుండా.
తుమ్ములు పూర్తిగా పోలేదు.
"తుమ్మితే ఊడే ముక్కైతే
ఈపాటికి చేపలు తినుండేవి" అంటాడు.

నేనూ ఆ మాత్రే వేసుకుంటాను,
నా బీపీ చూసి డాక్టరమ్మ సరేనంది గనక.
పొద్దున్నే, కోయకుండా, నమలకుండా.
డబ్బా మీద పెన్సిలుతో తేదీ.
ఐదో రోజున ఆపేయాలని.

ఆదివారం నది నడిమధ్య తుమ్మాను.
వెండెల్ చుక్కాని వదలకుండా అరిచాడు, "ఆరోగ్యం!"
చేతిలో టీ కప్పు. వాసన చూశాను, టీయే.

షాపులో గల్లాపెట్టెకి కాగితం అంటించాను.
బీపీ, గుండె జబ్బు ఉన్నాయా?
కంట్లో ఒత్తిడి, ఒంటేలు ఇబ్బంది?
ఇంకేం మందులు, పొడులతో సహా?
బండి నడుపుతారా, మందు తాగుతారా?

సోమవారం చూస్తే కింద
ఝోంబోర్ వంకర అక్షరాల్లో ఇంకొకటి:
జేబులో కత్తి ఉందా?