నడుము ఇరవై ఆరున్నర

నా కొలతల బుక్కుల నలభై మూడో పేజీ
ఆకుదారి సమ్మక్కది.
జాకెట్లు, లంగాల నడుమ
చెడ్డీ కుట్టించుకున్న ఒక్క ఆడపిల్ల.

మొదట వచ్చినప్పుడు పద్నాలుగేండ్లు.
నడుము ఇరవై మూడు, తొడ పదిహేడు.
"కాలు చెవిదాక లేవాలె వదినా, గుడ్డ అడ్డం రావద్దు" అన్నది.
నవ్విన.
బల్లార్షా బ్యాండుమేళం కోట్లకు మిగిలిన ఎర్ర సాటిన్ ఉండె,
దాంతోనే కుట్టిన.
నడుం పట్టీకి ఎనిమిది వరుసల ఇలాస్టిక్.
మిషను ఆ ఒక్క పూటనే రెండు సూదులు మింగింది.

వాళ్లమ్మ రైల్వే సైడింగు కాడ బొగ్గు ఏరేది.
సిరొంచ దిక్కు నుంచి వచ్చిన మనిషి.
ఆ పేరెందుకు పెట్టినవంటే
"పగోడు పిల్చినా అక్కా అనాలె గదా" అన్నది.
అట్లనే అయింది.
చంద్రపూర్ల, నాగపూర్ల మైకు పట్టినోడు
ఎంత మరాఠీల ఒర్రినా
ఆఖరుకు అక్కా అనే ఆగేటోడు.

మిల్లు గేటు కాడ కాపలా ఉండే ఇబోచా మాస్టరు చెప్పిండు:
థాయి దేశంల ఈ ఆటకు పోయేటోళ్లు
తల్లి కట్టిన గుడ్డ చింపి దండకు కట్టుకుంటరట.
తల్లి చీరంచు పట్టుకొచ్చింది.
ఎంత ఉతికినా బొగ్గు పోలే.
నల్లటిది లోపలికి మడవబోతే
"బయటికే ఉండనీ" అన్నది.

ఇరవై నాలుగు.
ఇరవై అయిదుంబావు.
ఇరవై ఆరున్నర: బ్యాంకాక్ పోయిన ఏడు.
నా కొట్టుల పదకొండు మందిమి ఒక్క ఫోను మీద పడి చూసినం.
మొదలు ఆమె తాళ్ల చుట్టు తిరిగి మోకాళ్ల మీద వంగి మొక్కింది.
తర్వాత అందరు ఆమె మోకాలు చూసిన్రు,
నేను పక్క కుట్టు చూసిన.
అయిదో రౌండు దాక పిగల్లేదు.
చెయ్యి లేపిన్రు.
గెలిచిన, అనుకున్న.

దాని కింద కొట్టివేతలు.
సిమెంటు పట్టీ ఇప్పినంక
ఎడమ పిక్క కుడిదాని కంటె ముప్పావించు తక్కువ.
నౌకరీ కాయితాలు పట్టుకొని మూడుసార్లు పోయింది,
లిస్టుల ఈ ఆట పేరే లేదన్నరట.
ఆ ఏడు చెడ్డీ కుట్టలే. ఖాళీ.

నిన్న వానల వచ్చింది, చేతుల సంచి.
సంచిల బెల్టు.
బంగారు రంగు రేకు, ఇద్దరికీ రాని అక్షరాలు,
వెనుక మెత్త ఎలుకలు కొరికినయి.
"దొంగలు చూస్తరని బియ్యం బస్తా ఎనుక పెట్టిన వదినా."

మిషను కింద పట్టలే.
దబ్బనం, చెప్పులు కుట్టే దారం.
కొలత జూడకుంట ఎట్ల కుట్టాలె, కట్టుకో అన్న.
కట్టుకున్నది.
అన్ని నడుములకు పట్టేటట్టు చేసిన్రో ఏమో,
ఏ నడుముకూ సరిగ్గ పట్టదది.
దబ్బనం దగ్గరికి రాంగనే
పొట్ట లోపలికి గుంజి, కండ్లు మూసింది.
మోచేతి దెబ్బకు కనుబొమ్మ మీద ఏడు కుట్లు పడ్డ మనిషి!
"సూదంటే భయం వదినా."
కదలకు, అన్న.
దారం పండ్లతోటి కొరికిన.

బుక్కు తెరిచి రాసిన: నడుము ముప్పై.
"కాదు, ఇరవై ఎనిమిదిన్నర" అన్నది
ఊపిరి బిగబట్టి.
నేను పెన్సిలు ఎత్తలే, ఆమె ఊపిరి వదల్లే.
టేపు ఇంక ఆమె చుట్టే ఉన్నది.